సినిమా చూసొచ్చాక “ఎట్లుంది?” అంటే ఏం చెప్పాలి? సీమ ప్రేక్షకుడికి సమగ్ర మార్గదర్శి

కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్ దగ్గరైనా, అనంతపురం సప్తగిరి సర్కిల్లో అయినా, కడప ఏడు రోడ్ల కాడైనా, శుక్రవారం సాయంత్రం నలుగురు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “ఎట్లుందన్నా సినిమా?” దానికి మన దగ్గర రెడీగా మూడు జవాబులు ఉంటాయి. “బాగుంది”, “ల్యాగ్ ఉందప్పా”, “ఒకసారి చూడొచ్చు”. ఈ మూడోది అన్నిటికంటే పనికిమాలింది. ఎవరైనా ఎట్లాగూ ఒకసారే కదా చూసేది!

అడిగినోడి కష్టం వేరే. పోవాలా వద్దా, ఒక్కడే పోవాలా ఇంట్లో వాళ్లందరినీ తీసుకుపోవాలా, లేకుంటే ఓటీటీలో వచ్చేదాకా ఆగాలా అన్నది తేల్చుకోవాలి. నలుగురున్న ఇల్లు సినిమాకు కదిలిందంటే టికెట్లు, పార్కింగు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు కలిపి జేబుకు గట్టిగానే తగులుతుంది. వాడు తేల్చుకోవడానికి పనికొస్తేనే మన మాట అభిప్రాయం కింద లెక్క, లేదంటే టీ అయిపోయేదాకా కాలక్షేపం. ఇది రివ్యూలు రాసేవాళ్ల కోసం రాసింది కాదు, నెలకో రెండు నెలలకో ఒక సినిమా చూసి నలుగురితో చెప్పుకునే మామూలు జనం కోసం.

1. ఏ షోకు పోతున్నారో గుర్తు పెట్టుకోండి

పెద్ద హీరో సినిమా మొదటి రోజు తెల్లారకముందే వేసే బెనిఫిట్ షోకు పోతే అక్కడ జరిగేది వేరే పండగ. పేపర్లు ఎగురుతాయి, ఈలలు, హీరో ఎంట్రీకి కొబ్బరికాయలు. నేను దాన్ని తక్కువ చేయట్లేదు, ఆ సందడి కోసమే పోవాలి కూడా. కానీ ఆ షోలో సగం డైలాగులు ఎవరికీ వినపడవు. కాబట్టి ఫ్యాన్స్ షో చూసొచ్చినోడు సెకండాఫ్‌లో మాటలు బాగా రాశారని చెప్తే కొంచెం ఆలోచించి నమ్మండి. మీరే ఆ షో చూసుంటే ఆ ముక్క ముందే చెప్పేయండి, “నేను ఫ్యాన్స్ షోలో చూసినా, హాలంతా ఊగిపోయింది, మామూలు రోజు ఎట్లుంటుందో చెప్పలేను” అని. వినేవాడికి అది చాలు.

సినిమా అసలు సత్తా సోమవారం మాటినీలో తెలుస్తుందని నా నమ్మకం. చప్పట్లు కొట్టేవాడు పక్కన లేకపోయినా మీకు నవ్వొచ్చిందంటే అది నిజం నవ్వే.

సీటు సంగతి కూడా. దొరికితే హాలు పొడవులో మూడింట రెండు వంతులు వెనక్కి, మధ్యలో కూర్చోండి. థియేటర్లో సౌండ్ సరి చేసేవాళ్లు కూడా ఇంచుమించు అక్కడి నుంచే విని చూసుకుంటారు. పక్క గోడకు ఆనుకుని స్పీకర్ కింద కూర్చుని వచ్చి బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, తలనొప్పి అంటే ఆ పాపం మ్యూజిక్ డైరెక్టర్‌కు అంటగట్టినట్టే.

2. హాల్లో ఉన్నంతసేపు

పెద్ద పనేమీ లేదు. చెయ్యి తనంతట తనే ఫోన్ మీదికి ఎప్పుడు పోయిందో ఒకటి గమనించండి, చుట్టూ జనం ఎక్కడ కదిలారో ఇంకొకటి. పాట రాగానే ఎంతమంది బయటికి లేచారు, ఆడవాళ్లు కూర్చున్న వరుసల్లో నవ్వు ఎక్కడ పుట్టింది, చిన్నపిల్లలు ఎక్కడ ఏడుపు లంకించుకున్నారు. “నాకైతే నచ్చలేదు కానీ హాల్లో జనం బాగా నవ్వినారు” అనే ఒక్క మాట నిజాయితీగా చెప్పగలిగితే మీరు చాలామంది రివ్యూవర్ల కంటే మేలు.

స్క్రీన్‌ను ఫోన్లో తీసి స్టేటస్ పెట్టే అలవాటు మాత్రం మానుకోండి. టైటిల్ కార్డు ఒక్కటే కదా, హీరో ఎంట్రీ పది సెకన్లే కదా అనుకుంటాం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, అనుమతి లేకుండా హాల్లో రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పెట్టారు. టికెట్ ముక్క ఫోటో పెట్టుకున్నా పోయొచ్చినట్టు అందరికీ తెలుస్తుంది.

3. బయటికొచ్చాక కాసేపు నోరు కట్టేసుకోండి

చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. మన సినిమాలకు ఇంటర్వెల్ ముందొక బ్యాంగ్, క్లైమాక్స్‌లో ఒక ఊపు పెట్టడం అలవాటు. ఆ చివరి ఫైట్ వేడిలో బయటికొచ్చి బండి స్టాండు దగ్గర అరిచే “బ్లాక్‌బస్టర్ రా!” అనే మాటకు ఆయుష్షు ఇంటికి చేరేదాకే. తిట్లు కూడా అంతే, పార్కింగ్‌లో అరగంట ఇరుక్కుంటే మంచి సినిమా కూడా చెత్తగానే కనిపిస్తుంది.

రాత్రి పడుకుని, పొద్దున ఉగ్గాని బజ్జీ ముందు కూర్చున్నాక సినిమాలో ఏం గుర్తుందో చూడండి. మూడు ప్రశ్నలు చాలు. ఏ సీన్ కళ్ల ముందుకొస్తోంది? ఎక్కడ టైం చూసుకున్నాను? హీరో కాకుండా ఇంకెవరు గుర్తున్నారు? మూడోదానికి జవాబు రాకపోతే పాత్రలు పలచగా రాసుకున్నారని అర్థం, అది చెప్పొచ్చు. మొదటిదానికే జవాబు రాలేదా, ఇంక ఆ సినిమా గురించి మాట్లాడటానికి పెద్దగా ఏమీ లేదు. అదీ ఒక అభిప్రాయమే, “చూసినంతసేపు టైం పోయింది, పొద్దునకు ఏమీ మిగల్లేదు.”

4. తప్పు సినిమాదా, థియేటర్‌దా, మీదా?

రాత్రి సీన్లన్నీ నల్లగా ఉన్నాయి, ఎవరెవరో కనపడలేదు అంటారు. కెమెరామెన్‌ను తిట్టే ముందు ప్రొజెక్టర్ సంగతి ఆలోచించండి. పాత ప్రొజెక్టర్లలో వాడే జెనాన్ ల్యాంపు గంటలు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, మార్చాలంటే ఖర్చు, దాంతో కొన్నిచోట్ల లాగినంత కాలం లాగుతారు. త్రీడీ అయితే కళ్లద్దాలే ఇంకొంత వెలుగు తినేస్తాయి. డైలాగులు వినపడకపోవడం కూడా అట్లాంటిదే. మాటలు ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్ నుంచి వస్తాయి, అది బలహీనంగా ఉంటే పక్క స్పీకర్లలో వచ్చే మ్యూజిక్ మాటలను మింగేస్తుంది. ఇంటర్వెల్లో వేసే ట్రైలర్లలో కూడా మాటలు సరిగ్గా వినపడలేదంటే తప్పు హాలుదే. అప్పుడు “సినిమా ఫర్వాలేదు, ఆ హాల్లో మాత్రం చూడొద్దు” అని విడదీసి చెప్పండి. నిజానికి ఊళ్లోవాళ్లకు రివ్యూ కంటే ఈ మాటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే హైదరాబాద్‌లో కూర్చున్నవాడు ఎవడూ మన ఊరి హాలు గురించి చెప్పడు.

మనవైపు తప్పులకు కొదవ లేదు. ఆకలి, ఆఫీసు టెన్షన్, ట్రైలర్ చూసి మనమే మనసులో తీసేసుకున్న ఇంకో సినిమా.

5. జబ్బుకు సరైన పేరు పెట్టండి

“ల్యాగ్” అనే మాటను మనం ఉప్పులాగా అన్నిట్లో వేసేస్తున్నాం. ల్యాగ్‌లో రకాలున్నాయి. విసుగొచ్చిన సీన్‌ను మనసులోనే తీసేసి చూడండి, కథ తెగిందా? తెగకపోతే ఆ సీన్ రాయడమే తప్పు, స్క్రిప్టు దగ్గరే కోసేయాల్సింది. కథకు ఆ సీన్ కావాలి కానీ చెప్పిన విషయమే మళ్లీ చెప్తున్నారు, హీరో కారు దిగి గుమ్మం దాకా నడవడానికే ఒక నిమిషం తీసుకున్నాడు అంటే ఎడిటింగ్‌లో వదిలేశారని. ఇంకోటి, కథ ముందుకు కదులుతున్న చోట పాట తెచ్చి పెడితే పాట మంచిదైనా ల్యాగ్ అనిపిస్తుంది. ఇది పాట పెట్టిన చోటులో ఉన్న తప్పు. ఈ మూడింటినీ విడదీసి ఏ రకమో చెప్పండి, వినేవాడు వెంటనే “అయితే నాకు ఇబ్బంది లేదు” అనో “అబ్బో, నా వల్ల కాదు” అనో తేల్చేసుకుంటాడు.

నిదానంగా నడవడాన్ని ల్యాగ్‌తో కలపొద్దు. పులివెందుల వైపు నుంచి పోయి సినిమాలు తీసిన బి.ఎన్. రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు, ఈరోజు లెక్కన చూస్తే నిదానమే, కానీ లేచి పోబుద్ధి కాదు.

నటన గురించి చెప్పేటప్పుడు డబ్బింగ్ గొంతును పక్కన పెట్టి చూడండి. తెలుగు రాని హీరోయిన్‌కు ఇంకొకరు గొంతిస్తారు, ముఖం బాగానే చేసినా గొంతు అతకదు, మనం “యాక్టింగ్ రాదు” అని తీర్పిచ్చేస్తాం. పాటలు బాగలేవు అనడం, బీజీఎం బాగలేదు అనడం కూడా ఒకటి కాదు. పాటలన్నీ తేలిపోయి, నేపథ్య సంగీతం సినిమాను మోసిన సందర్భాలు కావాల్సినన్ని ఉన్నాయి.

ఇంక “లాజిక్ లేదు”. ఈ మాట అనే ముందు తాడిపత్రి మనిషి తీసిన ‘మాయాబజార్’ను తలుచుకోండి. కె.వి. రెడ్డి పుట్టింది తాడిపత్రిలోనే, సినిమా 1957లో వచ్చింది. ఘటోత్కచుడు శశిరేఖగా మారిపోయి పెళ్లింట్లో అల్లరి చేస్తుంటే ఏ పెద్దాయనా, ఏ చిన్నపిల్లా లాజిక్ అడగలేదు. రాక్షసులకు మాయలు వచ్చని సినిమా ముందే చెప్పింది, ఆ మాట మీదే చివరిదాకా నిలబడింది. కాబట్టి మీరు చూసిన సినిమా తను పెట్టుకున్న రూల్‌ను తనే తప్పిందా అని చూడండి. హీరో వందమందిని కొట్టడంలో తప్పు లేదు. ఫస్టాఫ్‌లో వందమందిని కొట్టినోడు సెకండాఫ్‌లో నలుగురు రౌడీల చేతికి చిక్కి కట్టేయించుకుంటే, అప్పుడు అడగండి.

6. మన యాస, మన ఊళ్లు

సీమలో కథ జరిగే సినిమా వచ్చిందంటే మనమాట విలువ పెరుగుతుంది, ఎందుకంటే బయటివాళ్లకు కనపడనివి మనకు కనపడతాయి. 1990ల చివర మొదలైన ఫ్యాక్షన్ సినిమాల గాలి ఏళ్ల తరబడి వీచింది. గాల్లో లేచే సుమోలు, తెల్ల చొక్కాలు, వేటకొడవళ్లు చూసీ చూసీ, బయట చదువుకోడానికి పోయిన మన పిల్లలను “మీ ఇంట్లో బాంబులుంటాయా?” అని అడిగే దాకా వచ్చింది. ఆ కోపం న్యాయమైందే. కానీ కోపంతో చెప్పే అభిప్రాయం మన పక్కింటోడికి తప్ప ఇంకెవరికీ ఎక్కదు. దానికి బదులు సినిమాలో ఆ ఊరికి కత్తులు కాకుండా ఇంకేమున్నాయో చెప్పండి. శనక్కాయ చేను ఉందా? బోరు ఎండిపోయిన బాధ ఉందా? ఆడవాళ్లకు ఏడవడం కాకుండా వేరే పని పెట్టారా? ఈ మూడూ లేవని చెప్తే గుంటూరులో ఉన్నోడికి కూడా సమస్య అర్థమవుతుంది.

యాస దగ్గర మనం మరీ బద్ధకిస్తాం. “యాస బాగలేదు” అని ఊరుకుంటాం. ఏ మాట దగ్గర తేడా కొట్టిందో పట్టుకోండి. ఒకే మనిషి ఒక సీన్లో “వస్తాండా” అని, తర్వాతి సీన్లో “వస్తున్నాను” అంటే రాసినోడు మధ్యలో అలిసిపోయాడని తెలిసిపోతుంది. అనంతపురం వైపు మాటకు ముందొక “అప్పా”, వెనకొక “అప్పా” పడుతుంది, కన్నడం గాలి తగులుతుంది. కర్నూలు పాతబస్తీలో మాటల్లో ఉర్దూ కలిసిపోయి ఉంటుంది. సినిమావాళ్లకు ఇదంతా ఒకటే సీమ యాస. అన్నిటికంటే నాకు చిరాకు పుట్టించేది గొంతు. సీమ మనిషి అనగానే ప్రతి మాటా అరిచి చెప్పిస్తారు. మన ఇళ్లలో గట్టి మాట చెప్పాల్సి వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. సీమ విలన్ వేషాలకు పేరుపడ్డ నటుడు, సిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి 2020లో పోయారు. ఆయన పాత్రల్లో అరుపు లేదని కాదు, కానీ ఆ అరుపుకు ముందు ఆగే ఆ ఒక్క క్షణం, ఆ మెత్తటి పలకరింపు మనదే. కొత్తగా సీమ విలన్ వేసినవాళ్ల గురించి చెప్పేటప్పుడు దాంతో పోల్చి చూడండి, తేడా ఎక్కడుందో మాటలు వాటంతట అవే దొరుకుతాయి.

ఊళ్ల విషయంలో మాత్రం కొంచెం సర్దుకుపోదాం. 2003లో ‘ఒక్కడు’ వచ్చాక కొండారెడ్డి బురుజు తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’కు అదే బురుజును సెట్ వేసి తీశారు. కర్నూలోళ్లు హాల్లో కూర్చుని ఏది సెట్టో ఏది నిజమో వెతుక్కోవడం సరదాగానే ఉంటుంది. హీరో బురుజు దగ్గర పరుగు మొదలుపెట్టి ఒక సందు తిరగ్గానే వంద కిలోమీటర్లు దాటి గండికోటలో తేలినా జోకు వేసుకోవచ్చు, దాన్ని సినిమా మీద నేరంగా మోపొద్దు. అనకాపల్లి ప్రేక్షకుడికి దాంతో పనే లేదు.

7. అడిగేది ఎవరు?

ఒకే సినిమా గురించి ఫ్రెండుకు ఒకటి, పెద్దమ్మకు ఒకటి చెప్పడం అబద్ధం కిందికి రాదు. ఎవరికి ఏం కావాలో అది చెప్పడమే. పిల్లలున్న వాళ్లు కథ అడగరు, పోవచ్చా లేదా అని అడుగుతారు. “పిన్నమ్మా, బూతు మాటలేమీ లేవు, కానీ ఇంటర్వెల్ ముందర ఒక నరుకుడు ఉంది, చిన్నోడి కళ్లు మూయాల్సిందే” అంటే ఆమెకు రావాల్సిన సమాచారం మొత్తం వచ్చేసింది. సర్టిఫికెట్ కూడా చూసి చెప్పండి. 2024 నుంచి యూఏలో మూడు మెట్లు పెట్టారు, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని. అది తల్లిదండ్రులకు సూచన మాత్రమే, పెద్దలకు మాత్రమే అనే ‘A’ సర్టిఫికెట్ సినిమాకు ఆపినట్టు గేటు దగ్గర ఆపరు. అందుకే చాలామంది చూసుకోకుండా ఐదేళ్ల పిల్లను 16 ప్లస్ సినిమాకు తీసుకుపోయి మధ్యలో బయటికొస్తుంటారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే బామ్మర్దికి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపొద్దు, వినడు. “నీకు పోలీసు కథలంటే ఇష్టం కదా మామా, దీంట్లో విచారణ అంతా నమ్మేటట్టు ఉంది, ప్రేమ కథ వచ్చినప్పుడు టీకి పో” అంటే చాలు.

కథ ఎంతవరకు చెప్పాలంటే, ట్రైలర్లో చూపించిందీ మొదటి అరగంటలో జరిగిందీ చెప్పొచ్చు. అంతే, గీత దాటొద్దు. “నేను ట్విస్ట్ చెప్పను కానీ ఒక ట్విస్ట్ ఉంది” అనేవాళ్లు ట్విస్ట్ చెప్పేసినవాళ్ల కంటే ప్రమాదం, వినేవాడు మూడు గంటలూ దానికోసమే కాచుకుని కూర్చుంటాడు. కథ విప్పకుండానే ఆశ పుట్టించవచ్చు. ‘మాయాబజార్’ చూడనివాళ్లకు నేను చెప్పేది ఇంతే: “మహాభారతం మీద తీసిన సినిమా, పాండవులు ఒక్కసారి కూడా కనపడరు.” ఎట్లా నడిపించాడో చూద్దామని వాళ్లే కూర్చుంటారు.

8. ఒక నమూనా

ఆర్టీసీ కండక్టర్ కథతో ఒక సినిమా వచ్చిందని ఊహించుకోండి. మామూలుగా వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ ఇట్లుంటుంది:

“ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ కొంచెం ల్యాగ్. బీజీఎం నెక్స్ట్ లెవెల్. హీరో కుమ్మేశాడు. రేటింగ్ 2.75.”

దీంట్లోంచి పేరు తీసేసి ఏ సినిమాకు అతికించినా అతుకుతుంది. ఆ 2.75 సంగతి నాకెప్పటికీ అర్థం కాదు, ఆ పావు దేనికి కోస్తారో. ఇప్పుడు ఇది చూడండి:

“ఆదివారం సెకండ్ షోకు పోయినా, హాలు సగం నిండింది, సౌండ్ బాగుంది. రాత్రి డ్యూటీ దిగి కండక్టర్ పేపర్ పరిచి చిల్లర లెక్కపెట్టుకునే సీన్ ఒకటుంది. ఎనిమిది రూపాయలు తక్కువొస్తాయి. భార్య ఏమీ అనకుండా పోపుల డబ్బాలోంచి తీసి పెడుతుంది, ఇద్దరూ మాట్లాడుకోరు. ఆ ఇల్లు నాకు నచ్చింది. ఎమ్మెల్యే కథ మొదలైనప్పటినుంచి వేరే సినిమా అయిపోయింది, ఆ ఫైట్లు లేకున్నా కథ తెగదు. అమ్మావాళ్లకు నచ్చుతుంది. ఫైట్ల కోసం పోయేవాళ్లకు అవి సరిపోవు. నేనైతే టికెట్ పెట్టినందుకు బాధపడలేదు.”

ఎక్కడ చూశారు, ఒక సీన్ దగ్గరగా, ఎక్కడ తప్పింది, ఎవరికి నచ్చుతుంది, అన్నీ వచ్చేశాయి. ఒక్క సీన్ ఇట్లా చెప్పగలిగితే మిగతా విశేషణాలన్నీ మానేసినా నష్టం లేదు.

9. గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. వీరాభిమాని ఎదురైతే హీరో పేరు ఎత్తకుండా పాత్ర పేరుతో మాట్లాడండి, సగం వేడి తగ్గుతుంది. “మీ హీరో బాగా చేయలేదు” అనే దానికీ “ఆ డాక్టర్ పాత్రకు చివర్లో చేయడానికి ఏమీ లేదు” అనే దానికీ చాలా తేడా ఉంది.

కలెక్షన్లు తెచ్చి మొహాన కొడతారు. “సీడెడ్‌లో ఎంత లాగిందో తెలుసా?” అని. నిజాం 1800లో బ్రిటిష్‌వాళ్లకు రాసిచ్చిన జిల్లాలన్న పాత లెక్కను ట్రేడ్ వాళ్లు ఇంకా మోస్తూ మనల్ని అట్లా పిలుస్తారు. పోస్టర్ మీద వేసేది ఎక్కువగా గ్రాస్, అంటే జనం కట్టిన మొత్తం. వంద దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన హాలు అద్దె, ఖర్చులు పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. ఎంత పెట్టి కొన్నారో తెలియకుండా గ్రాస్ చూసి హిట్టో ఫ్లాపో చెప్పలేం. ఆ లెక్క వాళ్లకు వదిలేయండి, మీకు సినిమా నచ్చిందా లేదా అన్నదానికి దాంతో సంబంధం లేదు.

వాదన మూడో టీ దాకా పోయిందంటే “సరే, నీకు నచ్చిన ఒక సీన్ చెప్పు” అని అడగండి. చెప్తే మీరు గమనించనిది ఏదో దొరుకుతుంది. చెప్పలేకపోతే వాడే టాపిక్ మారుస్తాడు.

మీ మాట విని పోయి చూసినవాళ్లు తిరిగొచ్చాక మీరే ఫోన్ చేసి ఎట్లుందని అడగండి. మీరు నవ్విన చోట మీ వదినకు విసుగొచ్చిందని, మీకు విసుగొచ్చిన పాటను మామ బండి మీద పాడుకుంటూ వచ్చాడని తెలుస్తుంది. ఎవరి రుచి ఏదో అది గుర్తు పెట్టుకుంటే వచ్చే శుక్రవారం ఎవరికి ఏం చెప్పాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.